బురదలో దిగబడని జీపు

తోడు కోసం మనుషులు రకరకాల పనులు చేస్తారు. కొందరు పెళ్లి చేసుకుంటారు, కొందరు కుక్కను పెంచుకుంటారు. నేను నాలుగు ఇనుప వలయాలు కొన్నాను. వాటితో నిక్షేపంలాంటి ఒక మిత్రబృందాన్ని నా చేతులారా ఎలా పాడుచేశానో, చివరకు నడి బురదలో ఒంటరిగా కూర్చుని పెరుగన్నం ఎలా తిన్నానో సవినయంగా మనవి చేస్తాను. మీరు నవ్వవచ్చు. నవ్వుతారనే రాస్తున్నాను.

రాష్ట్రం ఇంకా ఉమ్మడిగా ఉన్న రోజులవి. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఒంగోలు దగ్గరి పల్లె నుంచి ఉద్యోగం మీద సికింద్రాబాదు వచ్చి, కార్ఖానాలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆరు రోజులు ఆఫీసు ఉండేది కనుక దిగులు లేదు. కష్టమంతా ఆదివారంతోనే. పొద్దున్నే చర్చిలో తొలి ఆరాధన ముగిశాక గేటు దగ్గర అందరూ ఎంతో ప్రేమగా కరచాలనం చేసి, "బాగున్నారా బ్రదర్?" అని అడిగి, నేను జవాబు కూడదీసుకునేలోపు పిల్లల్ని స్కూటర్లెక్కించుకుని మారేడ్‌పల్లి వైపు వెళ్లిపోయేవారు. మర్నాడు ఆఫీసు తెరిచేవరకు నాతో మాట్లాడే మనిషి టీ కొట్టతను ఒక్కడే. "ఒకటేనా?" అని అడిగేవాడు. ఆ మాట వినడానికి పూటకు రెండుసార్లు వెళ్లేవాణ్ణి.

ఆ కొట్టు పక్కనే సలీం భాయ్ అనే మెకానిక్ షెడ్డు. ప్రతి ఆదివారం అక్కడికి ఐదు పాత జీపులు వచ్చేవి. శామీర్‌పేట అవతల ఒక చెరువు శిఖంలో, అంటే నీళ్లు తగ్గి బయటపడ్డ అడుగు నేలలో, బురద తొక్కడం వారి వినోదం. మోండా మార్కెట్లో ఉల్లిగడ్డల వ్యాపారం చేసే యాదగిరి వారికి పెద్ద. అందరికీ యాదన్న. ఒకరోజు ఆయన ఎవరికో చెబుతుంటే విన్నాను.

"ఒక్క బండి ఎన్నడు పోవద్దు. దిగబడ్తె గుంజెటోడు ఉండాలె గదా."

నా చేతిలో టీ చల్లారిపోయింది. మనిషి ఒంటరిగా ఉండడాన్ని నిబంధన పెట్టి మరీ నిషేధించిన సంఘం నా గదికి నలభై అడుగుల దూరంలో ఉందని అంతవరకు నాకు తెలియదు. మూడు నెలల్లో నేనూ ఒక పాత జీపు కొన్నాను. అప్పటికి నాకు సైకిలు తప్ప మరేదీ నడపడం రాదన్న విషయం ఇక్కడ అప్రస్తుతం.

యాదన్న సంతోషంగా చేర్చుకున్నాడు. నాకు మాత్రం ఒకటే బెంగ. మొదటి రోజే దిగబడి అందరినీ శ్రమపెడితే, రెండోసారి రానిస్తారా? కనుక దిగబడకుండా ఉండే ఉపాయం కోసం ఇంటర్నెట్ సెంటరులో కూర్చున్నాను. టైరులో గాలి బాగా తగ్గిస్తే అది అట్టులా పరుచుకుని బురదను పట్టుకుంటుందట. అయితే గాలి తగ్గిన టైరు అంచు రిమ్ము నుంచి జారిపోతుందట. జారకుండా ఆ అంచును రిమ్ముకు అదిమి, చుట్టూ బోల్టులతో బిగించే వలయమే బీడ్‌లాక్.

ఉద్యోగ పరీక్షకు కూడా నేను అంతగా చదవలేదు. నోటుబుక్కులో గళ్లు గీశాను. ఇనుమా, అల్యూమినియమా? బోల్టులు ఇరవై నాలుగా, ముప్పై రెండా? సలీం భాయ్ ప్రాణం తోడేశాను.

"ఇవి చూడుర్రి సార్, మస్తుగ మెరుస్తున్నయి," అని ఆయన ఒక జత చూపించాడు.

"ఇవి టైరు అంచును పట్టి ఉంచుతాయా అండీ?"

"ఉంచయి. షోకుకు."

"మరి బోల్టులున్నాయి కదా?"

"బోల్టులు సుత షోకే. పెండ్లి మంటపంల కాయితం పూలు కడ్తరు గదా, గట్ల."

"అసలువాటిలో పై వలయం వంగితే, అదొక్కటే విడిగా దొరుకుతుందా?"

"దొరుకుతది."

"బోల్టులు వరసగా బిగించాలా, ఎదురెదురుగానా?"

"ఎదురెదురుగ. ఒక మాట అడుగుత, ఏమనుకోకుర్రి సార్. మీరు పోయేది బురదలకా, లడాయికా?"

చివరకు ముప్పై రెండు బోల్టుల ఇనుపవి ఎంచుకున్నాను. అందుకు పదకొండు కారణాలున్నాయి. మీ మీద దయతో అవి రాయడం లేదు.

మొదటి ఆదివారం వాటిని బిగించుకుని, గాలి తగ్గించి బురదలో దిగాను. నా జీపు బాతు గట్టెక్కినంత సునాయాసంగా అవతలి గట్టెక్కింది. గర్వంగా వెనక్కి చూశాను. ఐదు జీపులూ నడి బురదలో దిగబడి ఉన్నాయి.

తాళ్లు బయటికి వచ్చాయి. మోకాళ్ల లోతులో మనుషులు దిగారు.

"నువ్వు తోస్తున్నవా, ఆనుకొని పండుకున్నవా?"

"నీ బండి తోసుడు కన్న నిన్ను మోసుడు అల్కగుంటది రా."

ఒకాయన బోర్లా పడ్డాడు. లేపడానికి వెళ్లినవాడు ఆయన మీదే పడ్డాడు. ఆ నవ్వులు అవతలి గట్టు మీద పరిశుభ్రమైన బూట్లతో నిలబడిన నాదాకా వినిపిస్తున్నాయి.

"సాయం చేయమంటారా అండీ?" అని కేకవేశాను.

"వద్దు సార్. మీ ప్యాంటు ఖరాబైతది," అన్నాడు యాదన్న ఎంతో అభిమానంగా.

ఇస్త్రీ చేసిన ప్యాంటును జీవితంలో మొదటిసారి ద్వేషించాను. వాళ్లు వస్తున్నది బురద దాటడానికి కాదు, దిగబడడానికి. ఆ సంగతి నా నోటుబుక్కులోని ఏ గడిలోనూ లేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. సాయంత్రం యాదన్న నా చక్రం ముందు గొంతుక్కూర్చుని, వలయాన్ని వేలితో తట్టి చూశాడు.

"సార్, గివి మాకు సుత జెర చూసిపెట్టుర్రి. మీ రూముకొస్తం."

వద్దనవలసింది. కాని ఒక మనిషి నా గదికి వస్తానంటే వద్దనే శక్తి నాకు లేదు. ఆ నెలంతా రోజుకొకరు వచ్చారు. ఉన్నది ఒకటే కుర్చీ కావడంతో రెండోది కొన్నాను. ఐదుగురికీ ఐదు జతలు, కారణాలతో సహా, ఎంచిపెట్టాను. ఏ సందేహం వచ్చినా "సార్‌ను అడుగుదాం" అనేవారు. నేను పొంగిపోయాను.

అందరూ అవి బిగించుకున్నాక వచ్చిన ఆదివారం ఆరు జీపులూ ఇరవై నిమిషాల్లో అవతలి గట్టు మీద ఉన్నాయి. అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ఐపోయిందా?" అన్నారెవరో.

"ఐపోయినట్టే," అన్నాడు యాదన్న.

"మరి ఇప్పుడు?"

తాళ్ల ముడి విప్పనే లేదు. తెచ్చిన బిర్యానీ ఇంకా పొగలు కక్కుతోంది, ఎవరికీ ఆకలి లేదు. పదకొండున్నరకు నేను గదిలో, రెండు కుర్చీల మధ్య నిలబడి ఉన్నాను. ఆ వారం ఎవరూ రాలేదు. వలయాలు అమర్చుకున్నవారికి సందేహాలేం ఉంటాయి?

అప్పుడు నాకు తట్టిన ఆలోచన వినండి. నేను దిగబడాలి. ఐదుగురూ దిగివచ్చి నన్ను లాగాలి. శనివారం సలీం భాయ్ దగ్గరికి వెళ్లి, బీడ్‌లాకుల చక్రాలు తీసి పాత చక్రాలు వేయమన్నాను.

"ఎందుకు సార్? ఏమన్న తక్లీఫా?"

"ఏమీ లేదండీ. ఊరికే."

ఆయన జాకీ తెచ్చుకున్నాడు.

ఆదివారం అందరికంటే ముందు బురదలో దిగాను. పథకం అద్భుతంగా ఫలించింది. జీపు ఇరుసు దాకా దిగబడింది. కావాలని రెండుసార్లు యాక్సిలరేటర్ తొక్కి మరింత దించాను. యాదన్న జీపు పక్కకొచ్చి ఆగింది.

"ఏమైంది సార్? గుంజాల్నా?"

నెల రోజులుగా నేను ఎదురుచూసిన ప్రశ్న అది. "అవునండీ" అంటే చాలు. కాని చిన్నప్పటి నుంచి ఎవరికీ భారం కాకూడదని పెరిగిన నోరు కదా, దాని మానాన అది పలికింది.

"పర్వాలేదండీ. మీరు కానివ్వండి. మీకెందుకు శ్రమ."

యాదన్న నా పాత చక్రాలు చూశాడు, సీటు మీది నోటుబుక్కు చూశాడు. ఆయన మొహం గౌరవంతో వెలిగింది. వెనకవాళ్ల వైపు తిరిగి చెప్పాడు.

"సార్ పాత చక్రాలేసి పరీక్ష చేస్తున్నడు. ఎవ్వలు డిస్టర్బ్ చెయ్యకుర్రి."

ఐదు జీపులూ నా మీద ఒక్క చుక్క బురద చిందకుండా, మెల్లగా, మర్యాదగా దాటి వెళ్లాయి. చివరాయన నమస్కారం కూడా పెట్టాడు. గట్టెక్కి, ఆ రోజు కొత్తగా అవతలి గుట్టల దాకా పోదామనుకున్నారు కాబోలు, కనుచూపు దాటిపోయారు.

పన్నెండయింది. ఒంటిగంటయింది. పెరుగన్నం తిన్నాను. ఒక కొంగ వచ్చి బానెట్ మీద వాలింది. "బాగున్నారా?" అన్నాను. ఎగిరిపోయింది.

మూడింటికి గట్టు వెంట ట్రాక్టరు మీద ఒక పెద్దాయన వచ్చి ఆగాడు.

"పొద్దుగాల నుంచి చూస్తున్న. తోటోళ్లు అటు పాయె, నువ్వొక్కనివే ఎట్ల దిగబడ్డవు బిడ్డా?"

"కావాలనే దిగబడ్డానండీ."

"కావాల్ననా?" ఆయన ఇంజను ఆపాడు. "ఇంటికాడ ఎవ్వలు లేరా?"

"లేరండీ."

 ఆయన ట్రాక్టరు దిగి, పంచె ఎగ్గట్టి, తాడు పట్టుకుని బురదలోకి వచ్చాడు. నేనూ దిగాను. ప్యాంటు ఖరాబైంది.

గదికి చేరగానే ఫోను మోగింది. యాదన్న.

"పరీక్ష ఎట్లైంది సార్?"

"సంతృప్తికరంగా ముగిసిందండీ."

"నాకెరుకే సార్. మీరంటే మజాకా?"

ఆయన ఫోను పెట్టేశాక, బురద కారుతున్న ప్యాంటుతోనే గది మధ్య నిటారుగా నిలబడి, కుడిచేయి ముందుకు చాచి ప్రతిజ్ఞ చేశాను. ఈ దేహంలో ఊపిరి ఉన్నంతవరకు ఏ విషయంలోనూ నిపుణుడినని పేరు తెచ్చుకోను. లోకంలో ఎవరైనా, ఎప్పుడైనా, "గుంజాల్నా?" అని అడిగితే, ఆ మాట పూర్తికాక ముందే "గుంజండి" అంటాను.