కబురు మోసినవాడు

తాతారావుది గంజాం. రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగకి దగ్గరగా, ఉప్పుగాలికి తలుపు గొళ్ళేలు కూడా పొడిపొడిగా రాలిపోయే ఊరు. వాళ్ళు తరతరాలుగా అక్కడే పప్పూ ఉప్పూ అమ్ముకుని బతికిన తెలుగు కోమట్లు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. ఏ మాట ఏ భాషదో పిల్లల్ని బడిలో వేస్తే గాని తెలిసేది కాదు. తల్లి చిన్నతనంలోనే పోతే అక్క అమ్మడు అతన్ని పెంచింది. ఆమెను ఆ ఊళ్ళోనే ఇచ్చారు. తాతారావుకి పెళ్ళయ్యాక కూడా అక్క ఇంటి వంటగదిలో పీట మీద కూచుని తింటేనే తిన్నట్టుండేది.

నాన్న వదిలిన కొట్టు సాగలేదు. నలభయ్యో పడిలో పడ్డాక, ఛత్రపూర్‌లో ఒక ఏజెంటు ద్వారా ఒమాన్ వెళ్ళాడు. సొహార్ దగ్గర ఓ కంపెనీ లేబర్ క్యాంపులో మెస్సు స్టోరు అతనిది. బియ్యం బస్తాలు దింపించుకోవడం, వంటవాళ్ళకి పప్పు తూచి ఇవ్వడం, నూనె డబ్బాలకి తాళం వెయ్యడం. గంజాంలో చేసిన పనే, కాకపోతే బేరం లేదు. క్యాంపులో మనవైపు వాళ్ళు చాలామంది ఉండేవారు. అస్కా, భంజనగర్ వైపు ఒడియా కుర్రాళ్ళు, ఇచ్ఛాపురం, సోంపేట వైపు తెలుగువాళ్ళు. రెండు గుంపులకీ మధ్య తాతారావు మాటసాయం. "కొట్టు భాయి" అని పిలిచేవారు.

కరోనా వచ్చి క్యాంపు గేటుకి తాళం పడినప్పుడు మొదట ఎవరికీ భయం వెయ్యలేదు. పని లేదు, తిండి ఉంది. తర్వాత ఒక గదిలో దగ్గు మొదలైంది. తర్వాత పక్క గదిలో. తెల్ల బట్టలు తొడుక్కున్న వాళ్ళు వ్యాన్లో వచ్చి మనుషుల్ని తీసుకెళ్ళేవారు. కొందరు తిరిగొచ్చారు. రానివాళ్ళ సంగతి ఆస్పత్రి నుంచి క్యాంప్ బాస్‌కి ఫోన్లో తెలిసేది.

ఆ క్యాంప్ బాస్ మలయాళీ, చెడ్డవాడు కాదు. ఒకరోజు స్టోరు కిటికీ దగ్గరికొచ్చి హిందీలో అన్నాడు, "వాళ్ళ ఇంటికి చెప్పాలి. నేను చెప్తే వాళ్ళకి సగమే అర్థమవుతోంది. నీకు ఒడియా వచ్చు, తెలుగు వచ్చు. నువ్వు చెప్పు."

తాతారావు కాదనలేకపోయాడు. కాదనాలని తట్టనూ లేదు.

మొదటి ఫోను అస్కా దగ్గర ఒక ఇంటికి. పెళ్ళాం ఎత్తింది. బాగోలేదని మొదలుపెట్టి, ఆస్పత్రిలో చేర్చారని, డాక్టర్లు చాలా చూశారని, ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చాడు. చివరి మాట చెప్పేసరికి అవతల ఫోను కింద పడ్డ చప్పుడు, వెనకాలే మనిషి పడ్డ చప్పుడు. ఎవరో పిల్ల అరుస్తోంది. ఫోను తెగలేదు. అతను అలాగే చెవికి పెట్టుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాత అతను పద్ధతి మార్చుకున్నాడు. ఎవరు ఎత్తినా ముందు "కూకో అమ్మా, ముందు కూకో. కూకుని ఇను" అనేవాడు. ఒడియా వాళ్ళకి ఒడియాలో. కూచున్నారని తెలిశాక తిప్పకుండా చెప్పేవాడు. మీ ఆయన పోయాడు. మీ కొడుకు పోయాడు. అడిగినదానికి జవాబు చెప్పి ఫోను పెట్టేసేవాడు. పెట్టేసి పప్పు తూచేవాడు. మొదట్లో చేతులు వణికేవి. తర్వాత వణకడం మానేశాయి. చేతులు బాగుపడ్డాయనే అనుకున్నాడు.

మరుసటేడు వేసవిలో అతనికే ఫోనొచ్చింది. గంజాం నుంచి అక్క కూతురు సాయిసుధ.

"మావయ్యా, అమ్మకి నిన్నట్నించీ ఊపిరి..." అంటూ మొదలుపెట్టింది. "బరంపురం తీసుకెళ్ళాం, అక్కడ బెడ్డు దొరకలేదు, మళ్ళీ..."

"పోయిందా?" అన్నాడు తాతారావు.

"హఁ మావయ్యా."

"సరే. జాగ్రత్త" అని ఫోను పెట్టేశాడు. ఉల్లిపాయల లారీ వచ్చి గేటు దగ్గర హారను కొడుతోంది. వెళ్ళి బస్తాలు దింపించాడు. ఆ రోజు మామూలుగానే అన్నం తిన్నాడు, మామూలుగానే నిద్రపోయాడు. పొద్దున లేచి, నిద్ర ఎలా పట్టిందా అని కాసేపు ఆలోచించాడు. దానికీ ఏమీ అనిపించలేదు.

ఆ ఏడాది చివర్లో విమానాలు తిరిగాక ఇంటికొచ్చేశాడు. అతని పెళ్ళాం పద్మిని అప్పటికే బరంపురంలో పుట్టింటివారి వాటాలో ఉంటోంది. ఆమె అన్న వైకుంఠరావుకి గేట్ బజార్‌లో బియ్యం, పప్పుల హోల్‌సేల్ కొట్టుంది. తాతారావు అందులో కూచున్నాడు. తూకంలో తేడా రాదు, ఎవరితో గొడవ లేదు. కానీ ఫోను మోగితే ఎత్తడు. అడిగినదానికి తప్ప మాట్లాడడు.

"బావ మాటలన్నీ ఒమాన్‌లో అమ్మేసుకుని వచ్చాడు" అని వైకుంఠరావు గిరాకీలతో నవ్వేవాడు.

పద్మిని నవ్వేది కాదు. పండక్కి గంజాం వెళ్దామంటే "నువ్వెళ్ళు" అనేవాడు. వచ్చిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా అక్క ఇంటి గడప తొక్కలేదు. కూరలో ఉప్పు మర్చిపోయినా తిని లేచిపోయే మనిషిని ఏమని నిలదీస్తుంది? మానేసింది.

ఇలా ఏడాదిన్నర గడిచింది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, చింతపండు కొనడానికొచ్చిన ముసలామె కొట్టు మెట్టు మీద తూలింది. తాతారావు గల్లా దగ్గర్నుంచి లేచి ఆమె రెక్క పట్టుకున్నాడు.

"కూకో అమ్మా, ముందు కూకో" అన్నాడు.

తక్కెడ పక్కన ఇంకొకామె నిలబడి ఉంది. చేతిలో ఖాళీ చేపల తట్ట. పొద్దున్నే ఎండుచేపలు అమ్ముకుని, పోతూ పోతూ బియ్యం కట్టించుకుపోయే బేరం. ఆ మాట వినగానే ఆమె తట్ట కింద పెట్టేసింది.

"మళ్ళీ అను బావూ" అంది.

"ఏటమ్మా?"

"ఇప్పుడన్నావే, ఆ మాట."

అతను చూశాడు. నుదుట బొట్టు, చేతికి గాజులు. కొట్లో చూసే మనిషే గాని ఎవరి తాలూకో తెలీదు.

"నాను ముత్యాల్ని. మాది సమఖండి. మా ఆయన పేరు గురువులు" అంది. "నువ్వేనా ఫోన్ సేసినోడివి? ఒమాన్ నుంచి?"

తాతారావు ముసలామెకి మంచినీళ్ళిప్పించాడు. తర్వాత తల ఊపాడు. "నేనే."

తిడుతుందనుకున్నాడు, ఏడుస్తుందనుకున్నాడు. ఆమె రెండూ చెయ్యలేదు. మెట్టు మీద కూచుని నెమ్మదిగా చెప్పింది. వాళ్ళ అత్త దానమ్మ ఆ కబురు ఒప్పుకోలేదు. వెనకటికి ఒక తుపానులో గురువులెక్కిన పడవ కనపడకపోతే ఊరంతా పోయాడనుకుని ఏడ్చారు. రెండ్రోజులు పోయాక గోపాలపురం వైపు నుంచి ఇసకలో నడుచుకుంటూ వచ్చాడు. అప్పుడూ ఇలాగే అన్నారు, ఇప్పుడూ ఇలాగే అంటున్నారు, ఫోన్లో ఎవడో అన్నాడని నా కొడుక్కి నానెందుకు తలమీద మైల నీల్లోసుకోవాల అంటుంది దానమ్మ. కంపెనీ కాయితాలొస్తే సరకు కొట్టు చీటీల పక్కన పెట్టేసింది. కర్మ జరగలేదు. కోడల్ని బొట్టు తియ్యనివ్వలేదు.

"ఊళ్ళో నన్ను పేరంటానికీ పిలవరు, ఓదార్చడానికీ రారు బావూ. నానేటో నాకే తెలీదు" అంది ముత్యాలు. "నువ్వొచ్చి ఒక్కసారి ఆయమ్మకి సెప్పు. మడిసివై వొచ్చి సెప్పు."

"ఎప్పుడు రమ్మంటావు?" అన్నాడు తాతారావు. ధర అడిగినట్టు అడిగాడు.

కొట్టు సెలవు రోజున బస్సెక్కి ఛత్రపూర్‌లో దిగి, ఆటోలో ముత్యాలు వాళ్ళ ఊరు చమఖండి వెళ్ళాడు. సరుగుడు చెట్లు దాటితే ఇసక, పడవలు, ఆరేసిన వలలు. ముత్యాలు దారి మీదే ఎదురుచూస్తోంది.

దానమ్మ వాకిట్లో పాత వల మీద ఎండబోసిన కవ్వళ్ళు ఏరుతోంది. చిన్న చేపలు ఒకవైపు, పెద్దవి ఒకవైపు. ఎండకి నల్లబడి, గట్టి చెక్కలా ఉన్న మనిషి.

"అత్తా, ఈ బావు ఒమాన్‌లో ఆయనతో కూడా ఉన్నాడంట" అని ముత్యాలు పక్కకి తప్పుకుంది.

ముసలామె కళ్ళు చికిలించి చూసింది. తాతారావు గడప ముందు నిలబడి, అలవాటు ప్రకారం అన్నాడు, "కూకో అమ్మా, కూకుని..."

"కూకునే ఉన్నాను బావూ" అంది దానమ్మ. "కబురొచ్చిన కాడి నుంచి కూకునే ఉన్నాను. సెప్పు."

"మీ గురువులు పోయాడమ్మా."

ఎదురుగా ముఖం ఉండగా ఆ మాట అనడం అతనికి అదే మొదటిసారి. ముఖంలో ఏమీ మారలేదు. ఆమె చెయ్యి మాత్రం ఏరడం ఆపింది.

"నువ్వు సూసినావా?"

"పోవడం చూడలేదమ్మా. వెళ్ళడం చూశాను. జ్వరంతో నా స్టోరు కిటికీ దగ్గరికొచ్చాడు. నోటికి రుచి లేదు, నిమ్మకాయుంటే ఇమ్మన్నాడు. ఇచ్చాను. తర్వాత వ్యాను వచ్చింది. తన కాళ్ళ మీద తనే నడిచి ఎక్కాడు. మళ్ళీ రాలేదు. ఆస్పత్రివాళ్ళు ఫోన్ చేసి చెప్పారు. అక్కడే దహనం చేసేశారు. మమ్మల్నెవర్నీ రానివ్వలేదు."

"నిమ్మకాయ తిన్నాడా?"

"తెలీదమ్మా. చేత్తో పట్టుకునే వ్యాన్ ఎక్కాడు."

ముసలామె చాలాసేపు చేపలవైపు చూసింది. కాకి వచ్చి వల అంచున వాలితే తోలలేదు.

"నాకు తెలుసు బావూ" అంది చివరికి. "ఉంటే ఇన్నాల్లు మాటాడకుండా ఉండడు. కానీ గడప కాడికొచ్చి సెప్పినోడు లేడు. గాల్లో వొచ్చిన మాటకి ఏ దిక్కుకి కూకుని ఏడవాల? నువ్వొచ్చినావు. సాలు."

లేచింది. "నీల్లు తోడవే" అంది కోడలితో.

వీధి బోరింగు దగ్గర చీరతోనే కూచుంటే ముత్యాలు బకెట్టు ఎత్తి తలమీద పోసింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఒక్కొక్కరే గుమ్మాల్లోకొచ్చారు. దానమ్మ తడి వెంట్రుకలు వెనక్కి తోసుకుని తాతారావుని పిలిచింది.

"నువ్వూ పోసుకో బావూ. కబురు మోసినోడివి. ఒంటిమీద ఉంచుకోకూడదు."

అతను చొక్కాతోనే కూచున్నాడు. ముసలామె తనే పోసింది. నీళ్ళు కొంచెం ఉప్పగా ఉన్నాయి, చల్లగా ఉన్నాయి. చల్లగా ఉన్నాయని తెలియడమే అతనికి వింతగా తోచింది. ఏడుపు వస్తుందేమోనని చూశాడు. రాలేదు. వాకిట్లో మాత్రం ఏడుపు మొదలైంది. ముందు దానమ్మ, తర్వాత ముత్యాలు, తర్వాత వీధి వీధంతా. ఇన్నాళ్ళూ రానివాళ్ళంతా వచ్చి ముత్యాలు మెడ పట్టుకుని ఏడ్చారు. తాతారావు ఒక పడవ నీడలో కూచుని బట్టల్నించి నీళ్ళు కారడం ఆగేదాకా ఆ ఏడుపు విన్నాడు. ఎన్నో ఇళ్ళకి ఫోన్ చేశాడు గాని, ఏ ఇంటి ఏడుపూ చివరిదాకా వినలేదు.

పదో రోజు కర్మ బాగానే జరిగిందని తర్వాత ముత్యాలు చెప్పింది. ఇప్పటికీ ఆమె చేపలమ్ముకుని పోతూ ఆ కొట్లోనే బియ్యం కట్టించుకుంటుంది. బొట్టు లేదు. ఆ రోజు సంగతి ఇద్దరూ ఎత్తరు. "నూకలున్నాయా బావూ" అంటుంది, "ఉన్నాయమ్మా" అంటాడు.

చమఖండి నుంచి తిరిగొస్తున్న ఆ సాయంత్రం మాత్రం అతను ఛత్రపూర్‌లో బరంపురం బస్సు ఎక్కలేదు. అవతలివైపు నిలబడి గంజాం బస్సు ఎక్కాడు.

సాయిసుధ తలుపు తీసి అలాగే నిలబడిపోయింది. పెళ్ళయినా, తండ్రిని చూసుకోడానికి ఆమె ఆ ఇంట్లోనే ఉంటోంది. మేనమామ బట్టలు చెమ్మగా, ఇసకగా ఉన్నాయి.

"ఏటి మావయ్యా ఇది, తడిసిపోయావు?"

"చమఖండి వెళ్ళాను" అన్నాడు.

ఆమె తువ్వాలు తెచ్చిచ్చింది. మరేమీ అడగకుండా వంటగదిలోకి వెళ్ళింది. అతను వెనకే వెళ్ళాడు. పీట గోడకి ఆనించి ఉంది. వాల్చుకుని కూచున్నాడు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది.

"సుధా, ఆ రోజు నువ్వు చెప్పబోతుంటే నేను విన్లేదు" అన్నాడు. "అక్క ఎలా పోయింది?"

ఆమె గరిటె పట్టుకుని అటు తిరిగే ఉంది. "ఇప్పుడెందుకు మావయ్యా?"

"నాకు తెలీదు కదా."

సాయిసుధ మొదలుపెట్టింది. జ్వరం ఏ రోజు తగిలిందో, కషాయం ఎవరు కాచారో, బరంపురం దారిలో అంబులెన్సు కోసం ఎక్కడ నిలబడ్డారో. మధ్యలో పప్పు పొంగితే ఆగి పొయ్యి తగ్గించింది. ఆఖర్న అమ్మ మాట్లాడలేకపోయిందని, వేళ్ళతో మాత్రం ఏదో అడిగిందని, అదేమిటో తనకి ఈ రోజుకీ తెలీదని చెప్పింది. చెబుతూ ఏడ్చింది. తాతారావు ఏడవలేదు. కానీ లేచిపోలేదు, మధ్యలో అడ్డుపడలేదు. అర్థం కాని చోట "ఆ తర్వాత?" అన్నాడు.

అన్నం పెడితే తిన్నాడు.

"ఉప్పు సరిపోయిందా మావయ్యా?"

అతను ముద్ద మింగి కాసేపు ఆలోచించాడు. "కొంచెం తక్కువైంది" అన్నాడు.

ఆమె ఉప్పు డబ్బా తెచ్చి పక్కన పెట్టింది. ఈలోగా పద్మిని ఫోన్ చేస్తే సాయిసుధే ఎత్తి, మావయ్య ఇక్కడే ఉన్నాడు, రేపొస్తాడు అత్తా అని చెప్పింది.