గడప మీద ఉలి గాటు

మా ఇంటామె అంటే నాకు పడదు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకూ మీకూ సుఖం. ఇది చదివాక నన్ను మంచిదాన్ని చేద్దామని గానీ, ఆమెను దేవతను చేద్దామని గానీ ఎవరూ చూడొద్దు. మేమిద్దరం ఆ బాపతు మనుషులం కాము.

సిద్దిపేటలో పాత బస్టాండు వెనక సందు. ఇల్లు ఆమెది, మేడ మీద ఒక్కతే ఉంటుంది. కింద రెండు గదుల్లో మా ఆయన, నేను కిరాయికి ఉంటాం. ముందు గదిలో నా కుట్టుమిషను. పెళ్లయిన ఏడాదే ఆ ఇంట్లో దిగాం. నేను చెప్పబోయే సంగతి జరిగేనాటికి అక్కడ తొమ్మిదేళ్లు గడిపాం. ఆ తొమ్మిదేళ్లలో చుట్టుపక్కల ఆడవాళ్లందరి జాకెట్ల కొలతలూ నాకు నోటికొచ్చేశాయి. మా ఆయన మందుల దుకాణంలో పనిచేస్తాడు గానీ, ఇల్లు గడిచేది సగం ఆ మిషను మీదే. ఆ గది పోతే గిరాకీ పోతుంది. గిరాకీ పోతే బెజ్జంకిలో మా అన్నావదినల పంచన చేరాలి. మా వదిన చేతి అన్నం తినడం కంటే ఆ గదిలో రాళ్లు తిని బతకడం నయమని నా లెక్క.

ఆ గదికి వీధివైపు తలుపు వేపచెక్కది. డాబా మీది వాననీళ్లు గొట్టంలోంచి సరిగ్గా దాని కాళ్ల దగ్గరే పడేవి. ఆ గొట్టం అక్కడ పెట్టించింది ఇంటామే. ప్రతి వానాకాలం తలుపు కింది భాగం ఉబ్బి, నేలకు రాసుకుని, తన్నితే గానీ తెరుచుకునేది కాదు. జాకెట్లు కుట్టించుకునే వాళ్లు కూడా వచ్చీ రాగానే ఒక తన్ను తన్నడం నేర్చుకున్నారు. బాగు చేయించమని నాలుగేళ్లు మొత్తుకున్నాను.

"వానలకు కర్ర ఉబ్బుతది. నీకు కష్టమైతుంటె ఇంకో ఇల్లు చూస్కో పిల్లా," అనేది. నాలుగేళ్లూ అదే జవాబు.

నేను మొత్తుకోవడం మొదలెట్టిన ఐదో ఏడు ఆమె తనంతట తనే కిందికి దిగింది. సందు మొగలో వరసగా దుకాణాలు లేచిన ఏడాది అది. తలుపు ఒక్కటే కాదట, గడపతో సహా దర్వాజ చట్రం మొత్తం పీకేసి వెడల్పుగా టేకుది పెట్టిస్తుందట. పని అయ్యేదాకా మేము రెండు నెలలు మా తల్లిగారింటికి పోయి రావాలట. ఆ మాత్రం తెలియకపోవడానికి నేనేం చంటిపిల్లను కాను. మా వెనక సందులో బండలు మార్చాలని రెండు నెలలు ఖాళీ చేయించిన వాళ్లు తిరిగొచ్చేసరికి వాళ్ల వంటగదిలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది.

ఆమె పిలిపించిన మిస్త్రీ ముస్లిం పెద్దాయన, మా సందులో సగం తలుపులు ఆయన చేతివే. చేత్తో తట్టి, గోటితో గీకి, వంగి చూశాడు.

"దర్వాజా మజ్బూత్ ఉన్నది అమ్మా," అన్నాడు. "ఇది మద్ది కర్ర. ఇసొంటి మాల్ ఇప్పుడు ఏడ దొరకది. తలుపు కింద జానెడు చీకింది, గంతే. గది కోసేసి కొత్త చెక్క అతికిస్త, మడత బందులు మారుస్త. మళ్ల పదేండ్ల దాక నన్ను పిలిచే పని లేదు."

"ఎంత మంచిగున్నదని నిన్ను అడగలే. ఎప్పుడు పీకుతవని అడిగిన," అంది ఇంటామె.

నేను ఊరుకునే రకం కాదు. "మంచిగున్న దర్వాజ పీకుడేంది పెద్దమ్మా? మిస్త్రీ సాబ్ చెప్తనే ఉన్నడు గద."

ఆమె నా వైపు తిరిగింది. "ఇల్లు నాది. పీక్కుంట, పెట్టుకుంట. నీకేంది మధ్యల? ఈ కడప మీద నీ పిల్లలేమన్న ఆడిన్రా, పాడిన్రా? గొడ్డుదానికి ఏ కడపైతేంది."

మిస్త్రీ తల వంచుకుని తన సంచి సర్దుకున్నాడు. నాకు ఒళ్లంతా భగ్గుమంది. తొమ్మిదేళ్లుగా హైదరాబాదు దాకా తిరగని దవాఖాన లేదు, మింగని గోళీ లేదు. ఆ మాట వెనకాల చాలామంది అంటారని తెలుసు. ముఖం మీద అన్నది ఈమె ఒక్కతే.

తర్వాతి వారం, మా ఆయన దుకాణానికి పోయాక, ఆమె మిస్త్రీని వెంటబెట్టుకుని వచ్చేసింది. ఖాళీ చేయమని మళ్లీ అడగనైనా అడగలేదు. ముందు గడప పెకిలించమంది. దర్వాజ ఊడిపోయాక మేము ఎట్లాగూ ఉండలేమని ఆమె ఎత్తు. మిస్త్రీ నా మొహం చూసి, ఆమె మొహం చూసి, గడప కుడి పక్క ఉలి ఆనించి ఒక దెబ్బ కొట్టాడు. చిన్న పెచ్చు లేచి నా మిషను పెడలు దగ్గర పడింది.

నేను ఆలోచించి అన్నానని చెప్పలేను, అనుకోకుండా నోరు జారానని కూడా చెప్పలేను.

"ఆపున్రి మిస్త్రీ సాబ్. నాకు నెల తప్పింది."

మా వైపు కడుపుతో ఉన్న ఆడమనిషి ఉన్న ఇంట్లో గడప కదిలించరు. గోడకు మేకు కూడా కొట్టరు. ఆ దెబ్బ లోపలి బిడ్డకు తగులుతుందంటారు. నమ్మేవాళ్లూ కొట్టరు, నమ్మనివాళ్లూ కొట్టరు. మిస్త్రీ ఉలి కింద పెట్టేసి రెండడుగులు వెనక్కి జరిగాడు. ఇంటామె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎన్నో నెల?"

"రెండోది."

"ముందుగాల చెప్పద్దా," అని గబగబా మేడెక్కి, పసుపు కలిపి తెచ్చి, ఆ గాటుకు పూసింది. కాన్పైనంక చూద్దామని మిస్త్రీని పంపేసింది. గెలిచానని నాకు ఎంత సంబరమైందో చెప్పలేను. ఆ పూట అన్నం రెండుసార్లు పెట్టుకుని తిన్నాను.

సాయంత్రం మా ఆయనకు చెబితే తల పట్టుకుని కూర్చున్నాడు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఏం పని చేసినవే?"

"ఇల్లు కాపాడిన."

"ఎన్ని నెలలు కాపాడుతవ్?"



మర్నాడు ఇంటామె ఆయన్ను మెట్ల దగ్గర పట్టుకుంది. పెండ్లాం కడుపుతోని ఉంటే మొగోడు గడ్డం గీయద్దు, వెంట్రుకలు తీయించద్దు అని చెప్పి పంపింది. మా ఆయన ఎదురు చెప్పలేని మనిషి. గడ్డం పెంచాడు. ఆ గడ్డం చూసి దుకాణంలో అందరూ ఏంది సంగతి అని నవ్వడం, ఈయన నేల చూపులు చూడడం. రోజూ ఆ మొహంతో ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చునేవాడు.

ఇంటామె మాత్రం మనిషే మారిపోయింది. పిల్లా అనే నోరు బిడ్డా అంది. పచ్చి చింతకాయ తొక్కు తెచ్చింది, సర్వపిండి కాల్చి తెచ్చింది. సందులోకి బొప్పాయి బండి వస్తే అరిచి గెదిమేసింది. నీళ్ల బిందె నా చేతిలో చూస్తే లాక్కుపోయేది. నాకేమైనా మనసు కరిగిందనుకుంటారేమో, లేదు. ఇంకా మండింది. తొమ్మిదేళ్లు నేనూ మనిషినే కదా, జ్వరమొచ్చి పడి ఉన్నప్పుడు చారు నీళ్లు పోసిన పాపాన పోయిందా? ఇప్పుడు ఆ తొక్కు నాకు కాదు, కడుపుకు. ఆ కడుపులో ఏమీ లేదు. అయినా తిన్నాను. కసితో తిన్నాను, గిన్నె నాకి మరీ ఇచ్చాను.

ఒకటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు ఎవరిదో జాకెట్టు కత్తిరించగా మిగిలిన పసుపుపచ్చ ముక్క పారేయబోయి, కూర్చుని జానెడు జుబ్బా కుట్టాను. బొత్తాములు కూడా పెట్టాను. నా మీద నాకే అసహ్యమేసి మిషను సొరుగులో అడుగున కుక్కేశాను.

ఐదు వారాలకు మా ఆయన ఓపిక అయిపోయింది. ఒక పొద్దున నున్నగా గీసుకుని వచ్చాడు. "ఇగ నాతోని కాదు," అని ఒక్క మాట అని దుకాణానికి పోయాడు. మెట్ల మీద ఇంటామె ఆ గడ్డం లేని మొహాన్ని చూసింది. కిందికొచ్చి మా గడప అవతల నిలబడింది.

"ఎప్పుడు?"

"మొన్న," అన్నాను. ప్రతి నెలా అయినట్టే మొన్ననే అయింది, ఆ మాట వరకు అబద్ధం కాదు.

ఆమె కళ్లు గడప మీది గాటు దగ్గరికి పోయాయి. అక్కడే ఉండిపోయాయి. "ఉలి పెట్టిపిచ్చింది నేనే. గందుకే కడుపు పోయిందా బిడ్డా?"

కాదు పెద్దమ్మా అంటే సరిపోయేది. ఆ మాట నా నాలిక మీదికి వచ్చింది. దానికంటే ముందు గొడ్డుది అన్న మాట గుర్తొచ్చింది. ఏమీ అనకుండా తలుపు వేశాను. అది నేలకు పట్టేసి మూసుకోలేదు. ఆమె చూస్తుండగానే కాలితో తన్ని మూశాను.

మూడో రోజు మిస్త్రీ వచ్చి చీకిన ముక్క కోసేసి కొత్త చెక్క అతికించాడు. మడత బందులు మార్చాడు. ఎవరూ అడగకుండానే నీళ్ల గొట్టం అవతలి వైపు తిరిగింది. గది ఖాళీ చేయమని ఆమె మళ్లీ ఎన్నడూ అనలేదు. ఆ శుక్రవారం తనే చెంబుతో దిగి, మా గడప కడిగి పసుపు రాసింది. అప్పటినుంచి ఏ శుక్రవారమూ తప్పలేదు. గాటు దగ్గరికి రాగానే ఆమె చెయ్యి కాసేపు ఆగుతుంది.

ఇదంతా జరిగి తొమ్మిదేళ్లు కావస్తోంది. ఈ ఎండాకాలం దర్వాజకు చెదలు పట్టింది. మిస్త్రీని నేనే పిలిచాను. ఆయన వేలు పెడితే గడప లోపలికి దిగింది. "ఈసారి అతుకులు పనికిరావు అమ్మా. మొత్తం మార్చుడే," అన్నాడు. పోయి ఇంటామెకు చెబితే ఆమె ససేమిరా అంది. "నేను బతికుండంగ ఆ కడపకు మళ్ల ఉలి తాకద్దు. ఒక్క పాపం చాలు నాకు."

మార్చమని నేను, వద్దని ఆమె. చెదల పొడి నా బట్టల మీద రాలుతోంది. గిరాకీ ముక్కు మూసుకుని కూర్చుంటోంది. ఇక నిజం చెప్పేయడమే దారి అనుకున్నాను. చెబితే ఆ రోజే మా సామాను సందులో ఉంటుంది, ఉండనీ. ఆమె పెద్దదైపోయింది, ఆ పాపం మోసుకుని పోవడమెందుకు అని కూడా అనుకున్నాను. అంతకంటే ఎక్కువ ప్రేమ నాకేమీ పుట్టలేదు.

మొన్న శుక్రవారం ఆమె మోకాళ్లు పట్టుకుని మెల్లగా దిగింది. గడప ముందు కూర్చుంది. నేను మిషను ఆపి దగ్గరికి పోయి నిలబడ్డాను. "పెద్దమ్మా, నీకొక మాట చెప్పాలె," అన్నాను.

ఆమె తలెత్తలేదు. వేలు గాటులో పెట్టి పసుపు దిద్దుతోంది. "ఉంటే ఇప్పుడు రెండో తరగతికి పోతుండె," అంది తనలో తను.

"బళ్లు మొన్ననే తెరిచిన్రు గద," అన్నాను. "మూడోది."

"అవు గద, మూడోది," అని ఆమె ఇంకొంచెం పసుపు తీసుకుంది.