చేబదులు పిల్లలు

మా వీధి చివర కారం మర ఉంది. కొత్త మిరపకాయలు దిగే నెలల్లో అది తిరగడం మొదలైతే చాలు, వీధి వీధంతా తుమ్ములే. మొన్న పొద్దున్నే మర వేశారు. వరసగా ఏడు తుమ్ములు తుమ్మి, కారుతున్న కళ్ళని కొంగుతో తుడుచుకుంటూ పకపకా నవ్వాను. మా కోడలు వంటింట్లోంచి తొంగిచూసి "ఏంటత్తయ్యా, బానే ఉన్నారా?" అంది. "బానే ఉన్నానమ్మా, మస్తాన్ గారు గుర్తొచ్చారు" అన్నాను. ఆ పిల్లకి మస్తాన్ గారెవరో తెలీదు. మీకూ తెలీదు. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

సమితులు పోయి మండలాలు వచ్చిన కొత్తలో మా మండలానికి విద్యాధికారిగా వచ్చారాయన. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఎండైనా వానైనా చంకలో నల్లగొడుగు. వాళ్ళ నాన్న ఊరూరా తిరిగి పత్తి ఏకి, పరుపులు కుట్టి ఈయన్ని చదివించాడట. మాట చాలా మెత్తన. అంత మెత్తటి మనిషంటే మా టీచర్లందరికీ హడలు! అంతకుముందు వచ్చిన ఇన్‌స్పెక్టర్లు రెండు కేకలేసి, ఒక కొబ్బరిబొండం తాగి, సంతకం పెట్టి బస్సెక్కేవాళ్ళు. కేకలు మాకు అలవాటే. ఈయన కేకలెయ్యరు, బొండం ముట్టరు. ఇంక ఈ మనిషిని ఎలా సాగనంపాలో మాకు తెలిసేది కాదు.

మాది ఇద్దరు టీచర్ల ప్రాథమిక పాఠశాల. ఆ బడి సంసారం మూడు చేతుల మీద నడిచేది. టీచరు పోస్టు ఇచ్చేదీ తీసేదీ జిల్లా వాళ్ళు. గోడలూ కప్పూ సుద్దముక్కలూ చూడాల్సింది మండలం. పిల్లల్ని పంపాల్సింది ఊరు. ఎవరు తమ పని చేశారో, ఎవరు చెయ్యలేదో పైవాళ్ళకి చెప్పే కాగితం మాత్రం ఒక్కటే, హాజరుపట్టీ. అందులో రోజువారీ హాజరు సగటున నలభైకి తగ్గితే రెండో టీచరు అక్కర్లేదన్నట్టు. అప్పుడు ఇద్దరిలో జూనియర్ని సర్‌ప్లస్ అని పేరుపెట్టి, జిల్లాలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి విసిరేసేవాళ్ళు. మా బళ్ళో జూనియర్ని నేనే.

విసిరెయ్యడం అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. ఉద్యోగంలో చేరిన మొదటి మూడేళ్ళు పిడుగురాళ్ల అవతల, సున్నపుబట్టీల పొగలో పనిచేశాను. మా ఆయనది చిలకలూరిపేటలో స్పిన్నింగుమిల్లు ఉద్యోగం. మేం కలిసి కాపురం చేసింది ఆదివారాల్లోనే అనుకోండి. పెద్దవాడు పుట్టాక మా అత్తగారి దగ్గర వదిలి వెళ్ళేదాన్ని. ఒకసారి రెండు వారాల తర్వాత వచ్చి చేతులు చాస్తే, వాడు నన్ను చూసి బెదిరి, ఏడ్చి, ఆవిడ చంకలో మొహం దాచుకున్నాడు. ఆ రోజు పెరట్లోకి పోయి నేను ఏడ్చిన ఏడుపు పగవాళ్ళకి కూడా వద్దు. ఎవరెవరి కాళ్ళో పట్టుకుంటే ఈ ఊరికి బదిలీ అయింది. పేట నుంచి బస్సులో అరగంట. సాయంత్రానికి నా కొడుకు నా ఒళ్ళో ఉండేవాడు. మళ్ళీ ఆ పోస్టు పోతుందంటే నా పై ప్రాణాలు పైనే పోయేవి.

కానీ మిరప కోతలు మొదలయ్యాయంటే బడి ఖాళీ. పట్టీలో నలభైనాలుగు పేర్లకీ హాజరు, బల్లల మీద పద్నాలుగు మొహాలు. తక్కినవాళ్ళంతా అమ్మల వెంట చేలకి పోయేవాళ్ళు. దీనికి మా ప్రాంతం టీచర్లందరికీ ఒక ఉపాయం ఉండేది. పక్కింట్లో గ్లాసుడు పంచదార చేబదులు తెచ్చుకుంటాం చూడండి, అలా పిల్లల్ని తెచ్చుకునేవాళ్ళం. కాలవ అవతలి ఊరు మాగాణి. అక్కడ మిరప లేదు గనక ఈ నెలల్లో బడినిండా పిల్లలే. అక్కడి హెడ్మాస్టరు ప్రసాదరావు గారు ఇన్‌స్పెక్షన్ రోజున మాకు పిల్లల్ని పంపేవారు. వాళ్ళ వరికోతలప్పుడు మేం పంపేవాళ్ళం. తప్పనిపించేది కాదా అంటే, నిజం చెప్పొద్దూ, మర్యాద అనిపించేది.

మస్తాన్ గారు వస్తున్నారని ముందురోజే తెలిసింది. మా హెడ్మాస్టరు గారికి సరిగ్గా ఆ రోజే జ్వరం వచ్చింది. ప్రసాదరావు గారికి కబురు పంపితే తెల్లారేసరికి ఇరవైఆరు మంది దిగారు. ఊరి పేరు అడిగితే ఏం చెప్పాలో చిలక్కి చెప్పినట్టు చెప్పి కూర్చోబెట్టాను. మొత్తం నలభై! ఆయన వచ్చారు. పట్టీ వైపు కన్నెత్తి చూడలేదు. చొక్కా చేతులు మడిచి, తనే సుద్దముక్క తీసుకుని లెక్కలు చెప్పారు, కథ చెప్పారు. మధ్యాహ్నం అన్నాల బెల్లు కొట్టగానే గొడుగు తీసుకుని లేచారు.

"పదండర్రా, మీ ఇళ్ళెక్కడో చూపిద్దురుగాని" అన్నారు.

"ఎందుకండీ, ఇంత ఎండలో..." అన్నాను.

"గొడుగుంది కదమ్మా" అన్నారు.

నేను పట్టీని గుండెలకి హత్తుకుని వెనకే నడిచాను. నేను లేకుండా దాన్ని ఎవరైనా తెరుస్తారేమోనని భయం. మా ఊరి పిల్లలు పద్నాలుగుమందీ ఒక్కొక్కరే ఇళ్ళల్లోకి వెళ్ళిపోయారు. ఊరు అయిపోయింది. ఇరవైఆరు మంది మాత్రం డొంకదారిలో బుద్ధిగా నడుస్తూనే ఉన్నారు. ఆయన ఒక్క ప్రశ్న వెయ్యలేదు. పక్కన నడుస్తున్న చిన్నపిల్లని "మీ ఇంట్లో ఇవాళ ఏం కూరమ్మా?" అని అడిగారు. "దోసకాయ పప్పండి." "ఇంకా ఎంత దూరం మీ ఇల్లు?" "కాలవ దాటాలండి." "ఓహో" అన్నారు, అంతే. ఆ ఓహోకి నాకు చెమటలు పట్టాయి.

అప్పుడు వినపడింది, పక్క మిరపచేలోంచి. "నమస్తే టీచర్!" చూద్దునుగదా, మా నాలుగో క్లాసు కోటేశ్వరి. తలకి గుడ్డ కట్టుకుని, నడుముకి కట్టిన ఒడి నిండా పండుమిరపకాయలతో నిలబడి ఉంది. "ఒరేయ్, మన టీచరొచ్చిందిరా!" అని అరిచింది. ఆ సాలులో ఒకడు, ఈ సాలులో ఒకత్తె, చెట్ల మధ్యనుంచి తలలు లేచాయి. అందరూ చేతులు జోడించి ఒకటే నమస్తేలు. వాళ్ళ కోసమే వచ్చాననుకున్నారు పిచ్చిపిల్లలు. సిగ్గుతో చచ్చిపోయాను.

మస్తాన్ గారు ఆగారు. "వీళ్ళెవరమ్మా?"

"మా పిల్లలండి."

"మరి వీళ్ళు?"

అబద్ధం చెప్పే ఓపిక ఇంక లేదు. "చేబదులండి" అన్నాను.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. చెయ్యి చాపి పట్టీ తీసుకుని, గట్టు మీద నిలబడి పేర్లు పిలవడం మొదలుపెట్టారు. చేలోంచి ఒక్కొక్కరే "ప్రెజెంట్ సార్!" అంటూ ఉంటే ఇరవైఏడు గొంతులు పలికాయి. మిగతా ముగ్గురూ వేరే చేలో ఉన్నారని కోటేశ్వరే చెప్పింది. ఆయన పట్టీ మూసి నాకిచ్చి, "పదండి, తెచ్చుకున్నవాళ్ళని తిరిగి ఇచ్చేసి వద్దాం" అన్నారు.

తిరుగుదారిలో అన్నారు: "వచ్చే వారం మండలం మీటింగు. ఇవాళ జరిగింది అక్కడ మీరే చెప్పాలమ్మా."

"నేనా! నా పోస్టు పోతుందండీ. చంటిపిల్లాడి తల్లిని."

"పోవచ్చు. పోదని నేను మాటివ్వలేను. కానీ నేను కాగితం చదివితే వాళ్ళు టీ తాగుతారు. మీరు చెబితే వింటారు." గొడుగు చెయ్యి మార్చుకుని, "పత్తి రోజుల్లో నేనూ బడి ఎగ్గొట్టి మా నాన్న వెంట తిరిగినవాణ్ణే. నా పేరు పట్టీలో రోజూ హాజరే ఉండేది. నాకు భాగహారం రాదని నాలుగేళ్ళ దాకా ఎవరికీ తెలీలేదు" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఈయన బాగుండాలని నన్ను బలిపెడతాడా అని దారిపొడుగునా మనసులో తిట్టుకున్నాను. మా ఆయన "జ్వరమని సెలవు పెట్టెయ్" అన్నాడు. అలాగే అనుకున్నాను కూడా. కానీ కళ్ళు మూసుకుంటే చాలు, మిరపచెట్ల మధ్య చేతులు జోడించిన పిల్లలే కనపడేవారు. మీటింగు రోజున చంటాణ్ణి ముద్దుపెట్టుకుని బస్సెక్కాను.

మండలాఫీసు హాలు నిండా సర్పంచులు, గోడ వారన హెడ్మాస్టర్లు. బోరింగు పంపుల మీద గంటసేపు అరుచుకున్నాక చదువుల వంతు వచ్చింది. మస్తాన్ గారు లేచి "సుగుణ టీచరు గారు మాట్లాడతారు" అని కూర్చున్నారు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. చేబదులు అనగానే హాలంతా గొల్లుమంది. మండలం ప్రెసిడెంటు గారు మాత్రం నవ్వలేదు. ఆయన పెద్ద మిరప రైతు.

"అయితే ఇన్నాళ్ళూ మాకు చూపించిన హాజరంతా బోగసేనా?" అని గద్దించారు.

గోడ వారనుంచి ప్రసాదరావు గారు లేచారు. "పిల్లల్నిచ్చింది నేనేనండి. మా వరికోతలకి ఆవిడ ఇచ్చారు." ఆయన వెనకే ఇంకొక హెడ్మాస్టరు లేచారు. తర్వాత మరో ఇద్దరు. ఊరికే అలా నిలబడ్డారు.

"ఇంతకీ ఎవరి చేలో ఉన్నారమ్మా నీ పిల్లలు? ఎవడా రైతు?" అన్నారు ప్రెసిడెంటు గారు.

మస్తాన్ గారి వైపు చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"మీ చేలోనేనండి" అన్నాను.

ప్రెసిడెంటు గారి మొహం పండుమిరపకాయ అయింది. మస్తాన్ గారి వైపు తిరిగి, "ఏమయ్యా మస్తానూ, నా చేలో దిగి హాజరు పిలిచావా?" అన్నారు.

"గట్టు మీద నుంచే పిలిచానండి. చేలో కాలు పెట్టలేదు."

ముందు ప్రెసిడెంటు గారే నవ్వారు. దాంతో హాలంతా పగలబడింది. ఆ నవ్వు సద్దుమణిగాకే మాట తెగింది. కోతల రెండు నెలలూ బళ్ళు పొద్దున కాదు, ఒంటిగంట నుంచి అయిదింటి దాకా. "పన్నెండు కొట్టేసరికి పిల్లల్ని చేలోంచి పంపిస్తాం. పంపని రైతు పేరు నాకు చెప్పండి" అన్నారాయన. తీర్మానం రాసుకున్నారు. ఇప్పటివాళ్ళకి ఇది తప్పుగా తోస్తుంది, పిల్లలు అసలు చేలోకే పోకూడదు కదా అని. నిజమే. కానీ ఆ ఏడు మా బళ్ళో పిల్లలున్నారు. చేతులు మండుతున్నాయంటే కొబ్బరినూనె రాసి పలకలిచ్చేదాన్ని. ఒకరోజు ముప్పైఎనిమిది, ఒకరోజు నలభైరెండు. సగటు నలభై దాటుతుందో లేదో నాకే తెలీదు. ఏ రోజు ఎంతమంది వస్తే అంతమందినే రాశాను. వేసవి సెలవులన్నీ కంటి మీద కునుకు లేదు.

బళ్ళు తెరిచిన రోజు డొంకలో నల్లగొడుగు కనపడింది. చేతిలో కవరు. నా గుండె గుభేలుమంది. అయిపోయింది, మళ్ళీ సున్నపుబట్టీలే అనుకుని గుమ్మం పట్టుకు నిలబడ్డాను. ఆయన దగ్గరికొచ్చి, "పోస్టు ఉందమ్మా" అన్నారు. "ఉన్న లెక్క ఉన్నట్టే రాసి, మండలం తీర్మానం జతపెట్టి పంపాను. జిల్లా వాళ్ళు ఒప్పుకున్నారు."

వరండాలో అందరిముందూ భోరుమన్నాను. అంత ఏడుపు ఆపుకోవడం నావల్ల కాలేదు. ఒంట్లోంచి ఒక బస్తా దింపినట్టయింది. పాపం ఆయన ఏం చెయ్యాలో తెలీక గొడుగు మూస్తూ తెరుస్తూ నిలబడ్డారు. నేను ముక్కు తుడుచుకున్నాక మెల్లిగా అడిగారు.

"ఇవాళ ఎంతమంది వచ్చారమ్మా?"

"పదకొండు మందేనండి" అన్నాను.

మొదటిరోజుకైనా అది సిగ్గుపడాల్సిన అంకె. కానీ ఒక ఆఫీసరుకి గుండె దడ లేకుండా నేను చెప్పిన మొదటి లెక్క అదే. ఆ తర్వాత ముప్పైఏళ్ళ ఉద్యోగంలో అంతకన్నా అధ్వాన్నమైన అంకెలు ఎన్ని చెప్పానో, ఎంతమందితో చీవాట్లు తిన్నానో. ఒక్కసారి కూడా మళ్ళీ ఆ దడ రాలేదు.