తెల్ల గొర్రె ఉన్ని

నా చిన్నప్పుడు మా ఇంట్లో దుకాణం ఊలు అడుగుపెట్టేది కాదు. మా తాతయ్య టాటానగర్ రైల్వేలో పనిచేసి అక్కడే సోనారి పేటలో స్థిరపడ్డా, పుట్టింది శ్రీకాకుళం వైపు గొర్రెలు కాసే ఇంట్లో. “గొర్రెలు కాసినోల ఇంటి పిల్లకి కొన్న స్వెట్టరేటి?” అనేవారు. ఆయన ఉన్ని తెస్తే మామ్మ కదురు మీద వడికి అల్లేది. అబ్బ, ఒళ్లంతా గుచ్చుకునేది! చలి మాత్రం దగ్గరికి వచ్చేది కాదు, అది ఒప్పుకోవాలి.

ఒక ఏడు చలికాలంలో బడిలో పరేడ్ పెట్టారు. తెల్ల స్వెట్టర్ లేనివాళ్లకు వరసలో చోటు లేదన్నారు. నాకేమో ముందు వరస ఇచ్చారాయె! ఏటి ఒడ్డున దిగిన మందలో ఒకే ఒక్క తెల్ల గొర్రె ఉందని విని, తాతయ్యను చెయ్యి పట్టి లాక్కుపోయాను.

కాపరి కత్తెర తీశాడు. తాతయ్య గొర్రె పొట్ట తడిమి చూసి, వద్దని చెయ్యి అడ్డం పెట్టారు. చూలుతో ఉందట, ఈ చలిలో కత్తిరించకూడదట. నేను ఏడుపు లంకించుకున్నాను. ఆయన కోప్పడలేదు. నా శాలువా తీసి తన భుజాన వేసుకుని, నన్ను గాలికి ఎదురుగా నిలబెట్టారు. కాసేపటికే పళ్లు టకటకలాడాయి.

“ఠండ్ లగ్ రహీ హై, తాతా!” అన్నాను.

“చలేత్తందా? నువ్వింటికెల్లి దుప్పటి కప్పుకుంతావు. అదెక్కడికెల్తాది? కడుపులో పిల్ల కూడా ఉంది,” అంటూ శాలువా మళ్లీ కప్పారు.

నా కోపం మాత్రం పోలేదు. పరేడ్ నాడు మైదానం గట్టు మీద కూర్చున్నాను. నా చోట్లో ఇంకో పిల్ల నడుస్తుంటే ముఖం తిప్పేసుకున్నాను.

కొన్నాళ్లకు గొర్రె ఈనిందని కబురొస్తే తాతయ్య నన్ను తీసుకెళ్లారు. ఇంకా తడి ఆరని పిల్ల వణుకుతూ వచ్చి, తల్లి ఉన్నిలోకి ముఖం దూర్చి, అక్కడే వెచ్చగా నిద్రపోయింది. నేను అడిగింది దాని దుప్పటినని అప్పుడు తెలిసింది.

ఎండలు ముదిరాక తల్లికి ఉన్ని తీశారు. బరువు దిగిన సుఖానికి అది గెంతుకుంటూ పోయింది. మామ్మ అల్లిన తెల్ల స్వెట్టర్ మరుసటి చలికాలం తొడుక్కున్నాను. ఎంత గుచ్చుకున్నా విప్పితే ఒట్టు.

ఇప్పటికీ ఉన్ని శాలువా కొనేటప్పుడు అడుగుతాను, ఏ కాలంలో తీసిన ఉన్ని, తీసినప్పుడు గొర్రె ఎలా ఉంది అని. దుకాణం అబ్బాయి నవ్వుతాడు. నవ్వనీ. జవాబు చెప్పలేకపోతే, ఎంత నచ్చినా సరే, మడతపెట్టి అతని చేతికే ఇచ్చి వచ్చేస్తాను.