గన్నేరు కంచె ఉన్న పెరటి పటం

"అమ్మాయీ, చిక్కుడు పందిరికి ఏ కర్రలు పాతారు? గన్నేరు కర్రలు కాదు కదా?"

ఆ వాయిస్ మెసేజ్‌లో ఉన్నది అంతే. నమస్కారం లేదు, నువ్వెవరివన్న ప్రశ్న లేదు. శుక్రవారం మధ్యాహ్నం బర్కాలో విత్తనాల కొట్టు ముందు నిలబడి విన్నాను. ఆ మెసేజ్ పంపిన పెద్దావిడ ఎప్పుడో గీసిన పెరటి పటాన్ని మేం వేయబోయే చిన్న పుస్తకంలో వాడుకోవచ్చా అని అడిగి, జవాబు కోసం ఎదురు చూస్తున్నాను. అవుననో కాదనో చెప్పకుండా కర్రల సంగతి ఎత్తుతుందేమిటి ఈవిడ అని ముందు చిరాకు పడ్డాను.

మా పందిరికి పాతినవి గన్నేరు కర్రలే.

మా ఆయన ఒమాన్‌లో, మస్కట్‌కు దగ్గర్లోని ఈ బర్కా ఊళ్ళో ఒక తోటకు మేనేజరు. ఖర్జూరం, నిమ్మ, పశువుల గడ్డి. తోట చివర మాకొక ఇల్లు, ఆ ఇంటి వెనక కాస్త నేల. అర్బాబ్, అంటే తోట యజమాని, ఆ నేలను నీ ఇష్టమని నాకు వదిలేశాడు. నాకేమో పాత పెరటి పటాలంటే పిచ్చి. పాత మాసపత్రికల్లోనూ, వ్యవసాయ శాఖ కరపత్రాల్లోనూ చేత్తో గీసి వేసేవాళ్ళు. బావి ఇక్కడ, ఆకుకూర మళ్ళు ఇక్కడ, ఈ మూల దొండ పాదు, అంట్లు తోమిన నీళ్ళు పోయే దారిలో అరటి. అలాంటివి ఎక్కడ కనిపించినా పోగుచేస్తాను. వాటిని ఉన్నవున్నట్టు ఇక్కడ వేస్తే గడ్డి కూడా మొలవదు. తొలకరికి వేయమన్న బెండను అక్టోబరుకు జరపాలి. ఎత్తు మళ్ళు కట్టమంటే వాటిని తిరగేసి గుంట మళ్ళు చేయాలి, లేకపోతే ఈ ఇసుకలో నీళ్ళు నిలవవు. పందిరిని పడమటి వైపు పెట్టాలి, దాని నీడలో కొత్తిమీర బతకాలి.

ఈ మార్పులు చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వంగ పక్కన ముల్లంగి వేయడం ఎవరి సొత్తూ కాదు. కానీ ఒక మనిషి కూర్చుని గీసిన బొమ్మ, ఆ బొమ్మకు రాసిన మాటలు, అవి ఆ మనిషివి. అందుకని నేను ఒక సీజను పండించి చూసి, నా మళ్ళను నేనే కొలిచి, నా చేత్తో కొత్త పటం గీస్తాను. మూలం ఎవరిదో కింద రాస్తాను. వాళ్ళో, వాళ్ళ పిల్లలో ఉంటే వెతికి అడుగుతాను.

మస్కట్‌లో ఉన్న మా తెలుగు ఆడవాళ్ళకు ఇదొక నవ్వులాట. బాల్కనీల్లో, మేడల మీద కూరగాయలు పెంచుకునేవాళ్ళ కోసం ఊరికే పంచే పుస్తకం వేద్దామన్నది వాళ్ళే. నేను వెళితే చాలు, "కాపీరైటు అక్క వచ్చింది, ఫోన్లు దాచుకోండే" అని ఒకతి అందుకుంటుంది. "ఉచితంగా ఇచ్చేదానికి ఎవరొచ్చి అడుగుతారక్కా?" అని ఇంకొకతి. "ఎవరూ రారు కాబట్టే మనం వెళ్ళి అడగాలి" అని కసిరేదాన్ని. నా నోరు అలాంటిది. ఈ విషయంలో మెత్తబడటం నాకు చేతకాదు.

ఈ గన్నేరు పటం మాత్రం నాకు ఫోన్లోనే వచ్చింది. ఎన్ని చేతులు మారిందో తెలియదు. చుట్టూ గన్నేరు కంచె, కంచెకు ఆనుకుని చిక్కుడు పందిరి, మధ్యలో మళ్ళు. పైన ఎవరో తమ ఛానల్ పేరు, ఒక పూలకుండీ బొమ్మ అతికించారు. కింది భాగం కోసేశారు. కోసిన అంచు మీద అక్షరాల తలకట్లు మాత్రం వరసగా మిగిలాయి, వాటి కింద ఏ అక్షరాలున్నాయో లేవు. గీసినవాళ్ళ పేరు అక్కడే ఉండి ఉంటుందని నాకు అర్థమై ఒళ్ళు మండిపోయింది. పని గట్టుకుని పేరు కోసేయడానికి చెయ్యెలా వచ్చింది?

పటం మాత్రం నాకోసమే గీసినట్టుంది. పక్క తోటల మేకలతో పడలేక అర్బాబ్ ఎప్పుడో ఆ నేల చుట్టూ ఎర్రగన్నేరు వేయించి ఉంచాడు. గన్నేరును మేకలు ముట్టవు, ఎండకు అది చావదు. ఆ చలికాలం పటం ప్రకారమే వేశాను. కంచె కత్తిరిస్తే నిటారుగా, నున్నగా బోలెడు కర్రలు వచ్చాయి. పందిరి పక్కనే కదా, వాటినే పాతారు. ఆ పని చేసింది మా తోటలో పనివాళ్ళకు వండిపెట్టే ఆవిడ. గోదావరి జిల్లా మనిషి. మొక్కలంటే ప్రాణం కాబట్టి వంట అయ్యాక నా పెరట్లోనే ఉండేది.

పాత పత్రికలు దాచుకునే ఒక పెద్దాయన సాయంతో చివరికి పటం గీసినవారి ఆచూకీ దొరికింది. బడిలో గృహవిజ్ఞానం చెప్పి రిటైరైన టీచరు. పెళ్ళి చేసుకోలేదు, అక్క కూతురి దగ్గర ఉంటోంది. ఫోన్లో వచ్చిన పటమూ, నేను గీసినదీ రెండూ పంపి, నేను మార్చినవన్నీ వివరించి, వాడుకోమంటారా అని అడిగాను. దానికి వచ్చిన జవాబే ఆ కర్రల ప్రశ్న.

వెంటనే ఆవిడకు ఫోన్ చేశాను.

"గన్నేరు కర్రలేనండీ. కంచె కత్తిరించినవే."

"పటం కింద రాశానుగా తల్లీ!"

"కింది ముక్క లేదండీ. నాకు వచ్చేసరికే కోసేసి ఉంది."

"ఆ మాట కూడా కోసేశారా? కంచె గన్నేరు కొమ్మ పందిరికి వద్దు, పొయ్యికి అసలే వద్దు అని రాశాను. పందిరికి వేసిన కర్ర ఇవాళ కాకపోతే రేపు పొయ్యి దగ్గరికి చేరుతుంది. ఆకూ, పుల్లా, పాలూ, పొగా అన్నీ విషమే. కాల్చకండి. ఇంట్లో చిన్నపిల్లలు లేరు కదా?"

ఆవిడ ఇంకా ఏదో చెబుతోంది. నేను మధ్యలోనే ఫోన్ పెట్టేశాను. ఆ పొద్దున నేను బజారుకు బయల్దేరుతుంటే వంటావిడ వాకిట్లో కూర్చుని కత్తితో పుల్లలు చెక్కుతోంది. "పందిరికి పోగా మిగిలినయ్యండీ. ఎంత నున్నగా ఉన్నాయో సూడండి. ఇయాల సేప ముక్కలు వీటికే గుచ్చి కాలుస్తాను" అంది. శుక్రవారం కదా, పనివాళ్ళందరికీ సెలవు, అందరూ కలిసి బొగ్గుల మీద చేపలు కాల్చుకుంటారు. నేను నవ్వి, "నాకూ రెండు ముక్కలు ఉంచు" అని కారెక్కి వచ్చేశాను.

వంటావిడకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. మా ఆయన పని మీద దూరంగా సోహార్ ఊరికి వెళ్ళాడు. తోట డ్రైవరుకు చేశాను, జగిత్యాల వైపు మనిషి.

"అక్కా, నేనే నీకు చేద్దామనుకుంటున్న. వంటామెకు కండ్లు తిరుగుతున్నయట. కక్కుతున్నది. ఎండ తగిలిందనుకుని నిమ్మకాయ నీళ్ళిచ్చినం" అన్నాడు.

"చేపలు ఎవరెవరు తిన్నారు?"

"ఇంకెవ్వలు తినలే. అన్నం ఉడుకుతున్నది. ఏమైందక్కా?"

"తినకండి! ఒక్క ముక్క కూడా ముట్టుకోకండి. ఆమెను కారెక్కించండి, నేనొస్తున్నా!" అని అరిచాను. కొట్టువాడు లోపల్నించి తొంగి చూశాడు.

కారు తీద్దునా, వెనక ఇంకో కారు అడ్డం. మసీదుకు వెళ్ళినవాళ్ళు రోడ్డు పొడుగునా ఎక్కడ పడితే అక్కడ ఆపేశారు. నమాజు అయ్యేదాకా ఎవరూ రారు. నేను హారన్ మీద చెయ్యి తీయలేదు. జన్మలో అలా కొట్టి ఉండను. కొట్టువాడే బయటికొచ్చి, అరుగు మీద పెట్టిన డబ్బాలన్నీ జరిపి, ఆ సందులోంచి నా కారును తోసినంత పని చేశాడు. దారంతా ఒక్కటే మాట నా చెవుల్లో. పటం కింద రాశానుగా తల్లీ. తలకట్ల వరస నాకు కనిపిస్తూనే ఉంది. పేరు పోయిందని అంత కోపం తెచ్చుకున్నదాన్ని, ఆ పేరుతో పాటు ఇంకేం పోయి ఉంటుందన్నది నాకు తట్టనే లేదు. ఎవరికి మాత్రం తడుతుంది?

వెళ్ళేసరికి ఆవిడ పనివాళ్ళ రూమ్ ముందు నులక మంచం మీద ఉంది. మొహం పాలిపోయింది. అందరికంటే ముందు ఆవిడ ఎందుకు తిందో అడగనక్కర్లేదు. వండినావిడ ఉప్పూ కారం చూడాలి కదా. ఒక ముక్క చూసిందట, ఉప్పు చాలలేదని ఇంకొకటి చూసిందట. నిమ్మరసం పిండి మరొకటి. పుల్లకు అంటుకున్నది కూడా నాకేసిందట. పక్కన ఇనుప పొయ్యి మీద మిగతా చేపలు కమ్మటి వాసన వేస్తున్నాయి, చుట్టూ, ఎందుకు తినొద్దన్నానో తెలియక, పళ్ళాలు పట్టుకుని మగవాళ్ళు. నేను ఆ పొయ్యిని కాలితో తన్నేశాను. చేపలు, బొగ్గులు ఇసుకలో పడ్డాయి.

"అక్కా, పిచ్చి లేసిందా?" అన్నాడొకడు. నేనూ డ్రైవరూ కలిసి వంటావిడను కార్లోకి చేర్చాం.

ఆసుపత్రిలో డాక్టరు ఏం తిన్నదని అడిగాడు. నాకు ఆ చెట్టును అరబీలో ఏమంటారో తెలియదు. ఫోన్లో ఉన్న మా కంచె ఫోటో చూపించాను, ఎర్రటి పూలతో కళకళలాడుతోంది. చూడగానే అతని ముఖం మారిపోయింది. నర్సును కేకేశాడు. ఛాతీకి తీగలు తగిలించారు. గుండె ఉండవలసిన దానికంటే బాగా నెమ్మదిగా కొట్టుకుంటోందన్నారు. ఆ మిషన్ ఒకసారి టిక్కుమన్నాక ఇంకోసారి టిక్కుమనేదాకా నేను ఊపిరి తీసుకోలేకపోయాను. భయం వేసింది. ఇంట్లో పెంచుకునే మొక్కకు, దేవుడికి పెట్టే పువ్వుకు నేను భయపడటం అదే మొదలు.

సాయంత్రానికి గుండె దారికి వచ్చింది. గండం గడిచిందని డాక్టరు చెప్పాక గాని నేను కూర్చోలేదు. ఆవిడ కళ్ళు తెరిచి నా వైపు చూసింది.

"ఎర్రగన్నేరండీ అది. రోజూ సామికి పెట్టుకుంటాం. పచ్చగన్నేరు పప్పు తింటేనే కదండీ పెమాదం. మా ఊళ్ళో ఎవర్నడిగినా అదే సెప్తారు" అంది, నేనేదో కోప్పడతానన్నట్టు.

నాకు తెలిసిందీ అంతే. మా అమ్మకు తెలిసిందీ అంతే. గన్నేరు పప్పు అనగానే గుండెలు బాదుకుంటాం, అదే పేరున్న ఇంకో చెట్టు పూలు మాత్రం సజ్జ నిండా కోసుకుంటాం. ఆమె చెయ్యి పట్టుకున్నాను, చల్లగా ఉంది.

బయట కార్లు పెట్టే చోటికి వచ్చి టీచరుగారికి ఫోన్ చేశాను. మధ్యాహ్నం నుంచి ఫోన్ చేతిలోనే పెట్టుకుని కూర్చున్నట్టుంది, ఒక్క రింగుకే ఎత్తింది. జరిగింది చెప్పాను. మనిషి బతికింది అని ముందే చెప్పి, తర్వాత మిగతాది చెప్పాను. ఆవిడ ఏడుస్తోందని కాసేపటికి అర్థమైంది.

"మీ తప్పేముందండీ? మీరు రాశారు. కోసినవాళ్ళది తప్పు" అన్నాను, గొంతు పెంచి. "ఆ పటం ఎంతమంది ఫోన్లలో తిరుగుతోందో మీకు తెలియదు."

"తెలుసమ్మా" అంది. "మా పిల్ల ఎప్పుడో చూపించింది. పిన్నీ, నీ పటం నుంచి నీ పేరు కోసేశారే, వాళ్ళకు రాస్తాను, తీసేయమంటాను అని గొడవకు సిద్ధమైంది. నేనే ఆపాను. ముసలిదాన్ని, ఇప్పుడు నాకు పేరెందుకు, ఎవరో నలుగురు కూరలు పండించుకుంటారు, పోనీలే అన్నాను." కొంగుతో ముక్కు తుడుచుకున్న చప్పుడు వినిపించింది. "ఇన్నాళ్ళూ పోయింది నా పేరొక్కటే అనుకున్నాను తల్లీ."