చిత్తూరు బస్సులో కంప్యూటరు

ఉదయం ఆరూ పదికి తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సెక్కాను. నాకొక టికెట్, పక్క సీట్లో కంప్యూటరుకొక టికెట్. మద్రాసులో మా కంపెనీవాళ్లు దాన్ని లారీలో పంపుదామన్నారు. లారీ కుదుపులకు అది అంకెలు మరిచిపోతుందని చెప్పి ఒప్పించాను. నిజానికి నాకు బస్సు ప్రయాణమంటే ఇష్టం, అందుకే మద్రాసు నుంచి తిరుపతి మీదుగా చుట్టు తిరిగి బయల్దేరాను.

అవి ఎనభైల నడిమి రోజులు. చిత్తూరులో ఒక ఆఫీసుకు అదే మొదటి కంప్యూటరు. దాన్ని ఇనుప ర్యాక్‌లో బిగించి సాయంత్రం నాలుగింటికి ఆఫీసరు ఎదుట వెలిగించడం నా పని.

తిరుమలలో గుండు చేయించుకొని వస్తున్న ఒక పెద్దావిడ కంప్యూటరు పెట్టె వంక చూసింది.

"ఏముండాది నాయనా ఇందులో?"

"పన్నెండు మంది గుమాస్తాలున్నారమ్మా. లోపలే కూర్చొని లెక్కలు రాస్తారు."

"అయ్యో, వాళ్లకి గాలి ఆడతాదా?" అని వెనక సందులు వేలితో తడిమింది. చంద్రగిరి దాటాక లడ్డు ముక్క తుంచి పెట్టె మీద పెట్టింది. పూతలపట్టు వచ్చేలోపు నేనే తినేశాను.

ఎనిమిదిన్నరకు చిత్తూరు. బస్టాండు ఎదుటి హోటల్లో ఇడ్లీ మెత్తగా ఉంది, చట్నీలో కారం ఎక్కువ. తొమ్మిదింటికి రిక్షాలో ఆఫీసు చేరాం, నేనూ కంప్యూటరూ.

స్టోర్‌కీపరు మునిరత్నం మమ్మల్ని గుమ్మం దగ్గరే ఎదుర్కొన్నాడు. వారం ముందే చేరిన ర్యాక్‌ను గర్వంగా చూపించాడు. నిగనిగలాడే ఆకుపచ్చ రంగు, నాలుగు మూలలా పసుపు కుంకుమ బొట్లు.

"ఆయుధపూజకి బీరువాలకి ఏసినట్టే రంగు రెండు చేతులు ఏసినా సామీ. కొత్త మిషను కదా, బోసిగా నిలబెడితే బాగుండదని."

స్క్రూలు దిగాల్సిన రంధ్రాలన్నీ రంగుతో పూడిపోయి ఉన్నాయి. ఒక స్క్రూ పెట్టి తిప్పాను. అర చుట్టు కూడా దిగలేదు.

పక్కనున్న గుమాస్తా నా చెవి దగ్గరకొచ్చాడు. "ఆపీసరు సూస్తే మెమో ఇస్తాడప్పా. ఈ నెలాఖరుకి ఈయన రిటైరు. ఇప్పుడు మెమో పడితే పించను కాయితాలు యాడివి ఆడే."

మునిరత్నం అప్పటికే మేకు పట్టుకొని రంగు గీకుతున్నాడు. కిరసనాయిలు పోశాం. స్క్రూను అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ ఒక్కో రంధ్రం తెరిచాం. మధ్యాహ్నం భోజనానికి ఆయన లేవలేదు. నేను లేచాను.

నాలుగింటికి కంప్యూటరు కూర్చోవాల్సిన పక్కపట్టాలు మాత్రమే బిగిశాయి. కంప్యూటరు ఇంకా నేల మీదే ఉంది. ఆఫీసరు వచ్చాడు.

"ఇంకా కాలేదా? రంధ్రాల్లో ఈ రంగు ఎవరు వేశారు?"

"నేనే వేయమన్నాను సార్," అన్నాను. "మద్రాసు నుంచి ఉత్తరం రాశాను. సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా."

"చిత్తూరులో సముద్రమెక్కడుందండీ?"

"మిషను మద్రాసుది సార్. ఉప్పుగాలి దాని వెంటే వస్తుంది."

ఆఫీసరు మునిరత్నం వైపు తిరిగాడు. "ఉత్తరం వచ్చిందా?"

అవునంటే చాలు. మునిరత్నం చేతిలోని మేకు కింద పెట్టాడు.

"రాలేదు సార్. ఈయన నాకోసరం సెప్తా ఉండాడు. నేనే ఏసినా."

ఆఫీసరు కాసేపు ర్యాక్‌ను, పసుపు బొట్లను చూశాడు. కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. "బరువుగా ఉన్నట్టుందే. ఒక పక్క నేను పడతాను."

నలుగురం ఎత్తి పట్టాల మీదికి జరిపాం. కింది స్క్రూలు వదులుగా, తర్వాత పైవి, సమంగా కూర్చున్నాక అన్నీ బిగించాం. అయిదూ ఇరవైకి కంప్యూటరు దీపం వెలిగింది. మెమో మాట ఎవరూ ఎత్తలేదు. ఆఫీసరు చేతికంటిన ఆకుపచ్చ రంగును మునిరత్నం కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు.

ఆరున్నరకు తిరుపతి బస్సు. ఎన్నో ఊళ్లలో అబద్ధాలాడాను. అంత అవసరంలో ఉండి కూడా నా అబద్ధాన్ని వద్దన్న మనిషిని చిత్తూరులోనే చూశాను. ఏం పని మీద వచ్చినావని పక్క సీటాయన అడిగితే, జరిగింది జరిగినట్టు చెప్పాను.

అంతా విని ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"పోప్పా, కతలు సెప్పాకు," అన్నాడు.