కొమ్ము కోనెం కోసం పోయిన ముగ్గురం

ఫోనులో ఎవరేం చెప్పినా "ఆఁ, ఆఁ" అనడం నాకు అలవాటైపోయింది. అవతలివాళ్ళ గొంతు పైకి లేస్తే ఏదో అడుగుతున్నారనుకుని "సరే" అంటాను. గొంతు దిగితే కష్టమేదో చెబుతున్నారనుకుని "అయ్యో" అంటాను. చాలాసార్లు బండి అలాగే నడిచిపోతుంది.

దసరా బేరాలు తగ్గాక ఒకరోజు హల్దియాపదర్‌లో ఉండే నా స్నేహితుడు ఫోను చేశాడు. సొనపూర్, పడవ, గాలం అన్న మాటలు చెవిన పడ్డాయి. మా ముగ్గురిలో మూడోవాడు, చికిటిలో ఉండేవాడు, కూడా వస్తున్నాడని అర్థమైంది. నాకంతే చాలు. "సరే, సరే" అన్నాను. గేట్ బజార్‌లో మా బట్టల కొట్టు తమ్ముడికి అప్పజెప్పి, సాయంత్రానికి వచ్చేస్తానని మా ఆవిడతో చెప్పి, తెల్లవారేసరికి సొనపూర్ చేరాను.

బహుదా నది సముద్రంలో కలిసేచోట పడవ సిద్ధంగా ఉంది. మంచుదిమ్మలు ఎక్కిస్తున్నారు. బియ్యం, గ్యాసు పొయ్యి, తాగేనీళ్ళ డబ్బాలు, దుప్పట్లు కూడా ఎక్కిస్తున్నారు. ఆ దుప్పట్లు చూసి నాకు అనుమానం వచ్చింది.

"ఇదంతా సాయంత్రం దాకానేనా?" అన్నాను.

హల్దియాపదర్ వాడు నా ఎదురుగానే నిలబడ్డాడు కాబట్టి వాడి పెదాలు కనబడ్డాయి. "సాయంత్రమేట్రా? మూడ్రోజులని సెప్పాను కదా! సరే సరే అన్నావు?"

"ఆఁ, మర్చిపోయాన్రా," అన్నాను. పక్కకి వెళ్ళి మా ఆవిడకి మెసేజి పెట్టాను. జవాబుగా ఆవిడ ఒక్క ప్రశ్నే పంపింది: "వాళ్ళకి చెప్పారా?"

చెప్పలేదు. నాకు వినికిడి తగ్గడం మొదలై రెండేళ్ళు దాటింది. మొదట కుడి చెవి, తరవాత ఎడమది. కొట్టులో చీర చూపించమని ఒకరడిగితే తువ్వాలు తీసేవాణ్ణి. బజారులో గోల ఎక్కువైంది కాబట్టి అనుకున్నాను. డాక్టరు చెవికి మిషను ఇచ్చాడు. అది పెట్టుకుంటే ఆటోల హారన్లు, కొట్టులో గుడ్డ చింపే చప్పుడు, ఫ్యాను, అన్నీ కలిసి నెత్తిమీద పడ్డట్టుండేది. వారం తిరక్కుండా దాన్ని గల్లాపెట్టె పక్క సొరుగులో పడేశాను.

ఈ ఇద్దరికీ చెప్పకపోవడానికి వేరే కారణం ఉంది. కాలేజీ రోజుల్లో మేం ముగ్గురం గోపాలపూర్‌లో పాత జెట్టీ గోడల మీద కూర్చుని చేతిగాలాలు వేసేవాళ్ళం. చేపలు పడ్డది తక్కువ. పొద్దు గడిచేదంతా నా నోటితోనే. మా ఒడియా మేష్టరు తెలుగు మాట్లాడితే ఎలా ఉంటుందో, చికిటి బస్సు కండక్టరు రెండు భాషలూ కలిపి ఎలా తిడతాడో చేసి చూపిస్తే వాళ్ళిద్దరూ పొట్టలు పట్టుకునేవాళ్ళు. వాళ్ళ దగ్గర నేనంటే ఆ నోరే. మాట వినబడనివాడు మాటకి మాట ఎలా వేస్తాడు? ఈ మధ్య కలిసినప్పుడు నేను ముభావంగా ఉంటున్నానని వాళ్ళకి అనిపించింది. కొట్టు పెద్దదయ్యాక గర్వం వచ్చిందని ఒకసారి నవ్వుతూ అన్నారు కూడా. ఆ మాట మాత్రం చక్కగా వినబడింది.

హల్దియాపదర్ వాడు రిటైరు కాకముందే బ్యాంకు ఉద్యోగం మానేసినవాడు. ఫోనులో వీడియోలు చూసి చూసి, రాడ్డుతో పెద్దచేపల్ని పట్టడం మీద పిచ్చి పెంచుకున్నాడు. రాడ్లు, రీళ్ళు, రంగురంగుల ప్లాస్టిక్ చేపలు తెప్పించుకున్నాడు. నవంబరు వస్తే గుడ్లు పెట్టే తాబేళ్ళ కోసం సముద్రంలో వేట మీద ఆంక్షలు మొదలవుతాయి కాబట్టి ఈలోపే వెళ్ళాలన్నాడు. వీపు మీద తెరచాపలాంటి రెక్క, ముందు బల్లెంలాంటి ముక్కు ఉండే కొమ్ము కోనెం ఒక్కటైనా తగలాలని వాడి కోరిక. చికిటి వాడికి రైసుమిల్లు ఉంది. పోయిన వేసవిలో భార్య చనిపోయింది. వాడు ఇల్లు కదిలి ఎక్కడికైనా వస్తున్నాడంటేనే మాకు సంతోషం.

పడవలో మేం ముగ్గురం కాక పడవ నడిపే సరంగు, అతని బావమరిది. నదిమూతి దగ్గర అలలు పెద్దవిగా ఉన్నాయి. సరంగు పడవను కాసేపు నిలబెట్టి, ఒక అల విరిగి వెనక్కి పోయేటప్పుడు ఇంజిను పూర్తిగా తిప్పాడు. పడవ ముక్కు ఆకాశానికి లేచి కింద పడింది. అందరూ అరిచారు. నేనూ అరిచాను. ఆ ఒక్క అరుపులో మాత్రం నేను వాళ్ళతో సమానంగా ఉన్నాను.

తరవాత ఇంజిను గోలే. వాళ్ళిద్దరూ వెనక భాగంలో మంచుపెట్టె మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు. నేను ఎదురుగా కూర్చున్నాను. ఎండ కళ్ళలో పడుతుంటే పెదాలు సరిగ్గా కనబడవు. గాలికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడితే అసలే కనబడవు. వాళ్ళు నవ్వినప్పుడు నవ్వాను. తలూపినప్పుడు తలూపాను. ఒకచోట అడుగు దూరంలో కూర్చుని, కాలేజీ రోజులనుంచి ఎరిగిన ఇద్దరు మనుషులు ఏం మాట్లాడుకుంటున్నారో తెలియకపోవడం ఎలాంటిదో చెప్పడం కష్టం. పరాయివాళ్ళ మధ్య ఒంటరిగా ఉంటే మనసు సర్దుకుంటుంది. అయినవాళ్ళ మధ్య సర్దుకోదు.

మహేంద్రగిరి కొండలు నీలంగా పల్చబడి, మధ్యాహ్నానికి కనబడకుండా పోయాయి. ఆ పూట సూర చేపలు బాగానే తగిలాయి. సరంగు బావమరిది వాటిని చింతపండు పులుసులో ఉడికించాడు. మా ఆవిడ సంచిలో పెట్టిన అప్పడాలు పొయ్యి మీద కాల్చుకున్నాం. తినేటప్పుడు బాగుంది. తింటూ ఎవరూ ఎక్కువ మాట్లాడరు.

పొద్దుగూకేవేళ సరంగు ఇంజిను ఆపి పడవను నీటివాలుకి వదిలేశాడు. ఇప్పుడైనా వినబడుతుందని ఆశపడ్డాను. ఇంజిను ఆగాక మిగిలింది నా చెవుల్లో ఎప్పుడూ ఉండే గుంయిమనే మోత. పైగా వెలుతురు తగ్గింది. మొహాలు నల్లబడ్డాయి. నా వినికిడి సగం కళ్ళలోనే ఉందని, చీకటి పడితే అది కూడా పోతుందని నాకు ఆ పూటే పూర్తిగా తెలిసింది.

చికిటి వాడు మాట్లాడుతున్నాడు. చాలాసేపు మాట్లాడాడు. భుజాలు కదలడం కనబడింది. వాడు మాట్లాడేటప్పుడు నవ్వుతో భుజాలు ఎగరేయడం పాత అలవాటే. హల్దియాపదర్ వాడు చేత్తో వాడి వీపు చరిచాడు. మిల్లులో జరిగిన తమాషా ఏదో చెబుతున్నాడనుకున్నాను. ఇంతసేపూ నోరు విప్పలేదు, ఒక మాటైనా కలపాలి. గట్టిగా నవ్వి, "భలే పని సేసినావురా!" అన్నాను.

ఇద్దరి తలలూ నా వైపు తిరిగాయి. చికిటి వాడు లేచి దుప్పటి తీసుకుని ముందు వైపుకి వెళ్ళిపోయాడు. కాసేపటికి రెండోవాడు కూడా లేచాడు. ఏదో తప్పు జరిగిందని అర్థమైంది గాని, ఏమిటో అర్థం కాలేదు. అడిగితే నా సంగతి బయటపడుతుంది. అడక్కుండా పడుకున్నాను.

మర్నాడు పొద్దున్న చికిటి వాడు టీ గ్లాసు నాకు అందించలేదు, పక్కన పెట్టి వెళ్ళాడు. నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడించలేదు. సరంగు ఇంజిను మెల్లగా నడుపుతుంటే, మూడు రాడ్లు వెనక గొట్టాల్లో నిలబెట్టి, ప్లాస్టిక్ చేపల్ని నీళ్ళలో దూరంగా వదిలారు. మధ్యది నా రాడ్డు. చేప గాలం పట్టగానే రీలు పెద్దగా కీచుమంటుందని, వెంటనే రాడ్డు అందుకోవాలని హల్దియాపదర్ వాడు ముందురోజే నేర్పాడు. వినబడే దాన్ని గురించి నేర్పాడు. నేను తలూపాను.

ఎండ ముదిరేవేళ పడవ పక్కన ఒక తాబేలు తల పైకి లేపింది. దాని కళ్ళు తడిగా, ముసలిగా ఉన్నాయి. రాడ్డుకి వీపు పెట్టి, దాన్ని చూస్తూ కూర్చున్నాను. అది మునిగిపోయాక కూడా మళ్ళీ లేస్తుందేమోనని చూస్తున్నాను. ఎవరో భుజం పట్టి పక్కకి తోశారు. పడబోయి, బల్ల పట్టుకుని తిరిగి చూస్తే, హల్దియాపదర్ వాడు నా రాడ్డు పెరుకుతున్నాడు. అది విల్లులా వంగి ఉంది. సరంగు చేతులూపుతూ అరుస్తున్నాడు. దూరంగా నీళ్ళలోంచి కొమ్ము కోనెం లేచింది. రెక్క పూర్తిగా విచ్చుకుని, నీలంగా మెరుస్తూ గాల్లో తల విదిలించింది. అంత అందమైన ప్రాణిని నేనెన్నడూ చూడలేదు. రెండోసారి లేచినప్పుడు రాడ్డు నిటారుగా అయిపోయింది. తాడు తెగింది. రీలు మీద ఉన్న తాడంతా అప్పటికే పోయిందట.

చికిటి వాడు నా ముందుకు వచ్చాడు. రాత్రి కోపం కూడా వాడి మొహంలో ఉంది.

"ఎంత మొత్తుకున్నాంరా! నలుగురం అరస్తన్నాం! అటు తిరిగి ఏటి సూస్తన్నావు? నీకు సెవుడేట్రా?"

ప్రతి మాటా అర్థమైంది. అంత దగ్గరగా, అంత స్పష్టంగా రెండ్రోజుల్లో నాతో ఎవరూ మాట్లాడలేదు.

"అవున్రా," అన్నాను. "సెవుడే."

సరంగు తల తిప్పుకుని ఇంజిను ఆపాడు. హల్దియాపదర్ వాడు రాడ్డు కింద పెట్టి నా దగ్గరికి వచ్చాడు.

"ఎప్పుణ్ణించిరా?"

"రెండేళ్ళు దాటింది."

"మరి మాకు సెప్పనేదేటి?"

చికిటి వాడు నన్నే చూస్తున్నాడు. ఈసారి నెమ్మదిగా, పెదాలు బాగా కదుపుతూ అడిగాడు. "రాత్రి నేను సెప్పింది ఇన్నావా?"

"నేదురా."

"మరి నవ్వినావు?"

"నువ్వు నవ్వుతన్నావనుకున్నాను."

వాడు మొహం తుడుచుకున్నాడు. "ఏటి సెప్పినావురా?" అని అడిగాను. వాడు తల అడ్డంగా ఊపాడు. "మళ్ళీ సెప్పనేన్రా. ఒకసారి సెప్పడానికే నా పని అయిపోయింది," అని పడవ ముందుకి వెళ్ళి, మాకు వీపు చూపించి కూర్చున్నాడు.

ఇంజిను మళ్ళీ మొదలయ్యాక హల్దియాపదర్ వాడు నా చెవి దగ్గర నోరు పెట్టాడు. మామూలుగా చెబితే అందలేదు. గొంతు పెంచాడు. ఇంకా పెంచాడు. చివరికి అరిచాడు.

"మిల్లు అమ్మేశాడ్రా! ఇల్లు కూడా! రాయపూర్లో కూతురి దగ్గరికి ఎల్లిపోతన్నాడు! ఆవిడ పోయిన కాణ్ణుంచి ఆ ఇంట్లో నిద్ర పట్టట్లేదంట! మరి ఇటు రాడు! ఎల్లేముందు ముగ్గురం కలిసుండాలని ఆడే ఈ పడవ మాటాడమన్నాడు!"

గదిలో తలుపేసుకుని, నెమ్మదిగా చెప్పుకోవలసిన సంగతి అది. నా మూలాన సముద్రం మధ్యలో కేకలు పెట్టి చెప్పవలసి వచ్చింది. సరంగు విన్నాడు, అతని బావమరిది విన్నాడు. ముందు కూర్చున్నవాడు కూడా విని ఉంటాడు. వాడి వీపు కదల్లేదు.

నేను వెళ్ళి వాడి పక్కన కూర్చున్నాను. వాడు నీళ్ళు చూస్తూనే నా చెయ్యి తీసుకుని తన మోకాలి మీద పెట్టుకున్నాడు. ఎండ నెత్తి మీదికొచ్చేదాకా అలాగే కూర్చున్నాం. మా ముగ్గురికీ ఆ ప్రయాణంలో దక్కిన మంచి గడియ ఏదైనా ఉంటే అదే.

ఆ తరవాత ఇద్దరూ నా మీద చాలా శ్రద్ధ పెట్టారు. ఏం మాట్లాడినా ముందు నా చెయ్యి తట్టి, మొహం నా వైపు తిప్పి, ఒక్కో మాటా విడదీసి చెప్పేవారు. "అన్నం. ఇంకా. పెట్టమా?" "ఎండ. ఎక్కువుంది. ఇటు. రా." చిన్నపిల్లాడికి చెప్పినట్టు. వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. ఎంత ప్రేమతో చేస్తున్నారో తెలుస్తూనే ఉంది. కాని అలా మాట్లాడితే మనిషి త్వరగా అలిసిపోతాడు. మూడోరోజు మధ్యాహ్నానికి, అవసరమైన మాటలు మాత్రమే నాకు చెబుతున్నారు. మిగతావి మళ్ళీ వాళ్ళిద్దరి మధ్యే నడుస్తున్నాయి. నేను మళ్ళీ ఎదురుగా కూర్చున్నాను. ఈసారి నవ్వు కలపలేదు. కలపనక్కర్లేదని వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. అంతవరకూ దాచుకున్న సంగతి చెప్పేస్తే మనసు తేలికవుతుందని అంటారు. కొంత తేలికైన మాట నిజమే. నటించే పని తప్పింది. ఆ నటన ఉన్నన్నాళ్ళూ వాళ్ళ మాటల్లో నాకూ ఒక చోటుండేది. అది కూడా దాంతో పోయింది.

చికిటి వాడు దీపావళి కాగానే వెళ్ళిపోయాడు. నేను సొరుగులోంచి మిషను తీసి పెట్టుకోవడం మొదలుపెట్టాను. గోలకి మెల్లగా అలవాటుపడ్డాను. కొట్టులో ఇప్పుడు చీర అడిగితే చీరే తీస్తున్నాను. హల్దియాపదర్ వాడు ఇంకెవరితోనో మళ్ళీ సముద్రం మీదికి పోయి, మనిషంత కోనెంతో ఫొటో దిగి పంపాడు. నన్ను పిలవలేదు. పిలిస్తే వెళ్ళేవాణ్ణో లేదో నాకూ తెలియదు.

రాయపూర్ నుంచి చికిటి వాడు వీడియోలో పిలుస్తుంటాడు. మిషనున్నా గబగబా మాటలు నాకు అందవని, మొహం ఫోనుకి దగ్గరగా పెట్టి, నెమ్మదిగా మాట్లాడతాడు. బీపీ, మనవరాలి చదువు, అక్కడి వానలు. నిదానంగా చెప్పే మాటల్లో అలాంటివే ఇముడుతాయి, వేళాకోళం ఇమడదు. పోయిన ఆదివారం వాడు దేన్నో తలుచుకుని గబగబా ఏదో చెప్పి, తనలో తను పగలబడి నవ్వాడు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. అంతగా నవ్వడం వాళ్ళావిడ పోయాక నేను చూడలేదు.

"ఏటిరా? మళ్ళీ సెప్పు," అన్నాను.

వాడు కళ్ళు తుడుచుకుంటూ చెయ్యి ఊపాడు.

"ఏటీ నేదులేరా," అన్నాడు.